మంచం పట్టిన ఇంటికి మనిషి కావాలి: నల్గొండ, పాలమూరు ఊళ్లలో కేర్‌టేకర్ల టీం కట్టుకోవడం ఎలా

మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు నల్గొండలో మాకు డాక్టర్ దొరికాడు, స్కానింగ్ దొరికింది, వీల్ చైర్, ఎయిర్ బెడ్ అన్నీ దొరికాయి. దొరకనిది మనిషి. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి నెల డబ్బులు ముందే కడితే ఇరవై ఏళ్ల పిలగాడిని పంపారు. నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే అతని బ్యాగు లేదు, ఫోన్ స్విచాఫ్. ఏజెన్సీ వాళ్లు "వేరే మనిషిని చూస్తున్నం సార్" అంటూ పదకొండు రోజులు గడిపారు. ఆ పదకొండు రోజులు అమ్మ ఒక్కతే ఆయన్ని పక్కకు తిప్పలేకపోయింది, నడుము కింద పుండు పడింది, అది మానడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ పిలగాడి మీద చాలా రోజులు కోపం ఉండేది. ఇప్పుడు లేదు. రాత్రీ పగలూ ఒక్కడినే ఉంచాం, హాల్లో చాప వేశాం, వారంలో ఒక్క పూట కూడా సెలవు లేదు. అలా పెడితే ఎవరైనా పోతారు. నాన్న పోయాక మా వాడకట్టులోని మహిళా సంఘం అక్కలతో కలిసి ఒక చిన్న టీం మొదలుపెట్టాను. ఇందులో రాసేవన్నీ అక్కడ చేసి, కొన్ని తప్పు చేసి, సరిచేసుకున్నవే. మీ ఊళ్లో సంఘం వాళ్లయినా, యూత్ అయినా, ఒక రిటైర్డ్ నర్సమ్మ అయినా పూనుకుంటే చేయగలిగిన పని ఇది.

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో అరవై దాటినవాళ్లు 10.5 శాతం, 2050 నాటికి 20.8 శాతం అవుతారని అంచనా. అంటే ఐదుగురిలో ఒకరు. తెలంగాణలో సగటున ఒక్కో తల్లికి 1.8 మంది పిల్లలని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఉన్న ఆ ఒకరిద్దరు కూడా ఊళ్లో ఉండరు. మా నల్గొండ పిల్లలు హైదరాబాద్‌లో, నారాయణపేట, కోస్గి, మక్తల్ దిక్కు పిల్లలు ముంబయి, పుణే బిల్డింగుల దగ్గర. ఊళ్లో మిగిలింది ముసలమ్మ, ముసలాయన, ఇద్దరిలో ఎవరికి కాస్త చేతనైతే వాళ్లు రెండోవాళ్లకు చేస్తున్నారు.

1. ముందు లెక్క వేయండి: ఒక మంచానికి ఎంతమంది?

అందరూ మొదట అడిగేది "ఇరవై నాలుగు గంటలు ఉండే మనిషి కావాలి" అనే. అలాంటి మనిషి ఉండదు. వారానికి 168 గంటలు. ఒక మనిషి న్యాయంగా చేయగలిగేది 48 గంటలు. భాగిస్తే మూడున్నర మంది.

దీన్నే డ్యూటీల్లోకి మార్చి చూడండి. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు అనుకుంటే వారానికి 14 డ్యూటీలు. ఒక్కొక్కరికి నాలుగు డ్యూటీలు ఇస్తే నలుగురికి 16 అవుతాయి. ఇంటికి కావలసినవి 14 పోగా రెండు మిగులుతాయి. ఎవరికో జ్వరం వస్తే, ఎవరి ఇంట్లోనో చావో పెళ్లో అయితే ఆ రెండే కాపాడతాయి. మేము మొదట్లో రెండు ఇళ్లకు కలిపి ఏడుగురిని పెట్టుకున్నాం, లెక్క సరిగ్గా 28కి 28 వచ్చిందని సంబరపడ్డాం. మూడో వారంలోనే ఒకామె పిల్లాడికి డెంగీ వచ్చింది, మొత్తం చార్టు కూలిపోయింది. అప్పుడు అర్థమైంది, మిగులు లేని టీం టీం కాదని. ఎనిమిదో మనిషిని పెట్టుకున్నాకే ఇంటివాళ్లకు మా మీద గురి కుదిరింది. పని మనిషి మంచితనం మీద భారం వేసి కూర్చుంటే లాభం లేదు, ఆమె రాలేని రోజు ఎవరు వస్తారన్నది ముందే రాసి ఉండాలి.

అందుకే రాలేనివాళ్ల బదులు వచ్చే మనిషిని, మా మాటల్లో బదిలీ మనిషిని, నియమించకుండా మొదటి ఇల్లు కూడా ఒప్పుకోకండి. ఇది ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకున్నా చాలు.

2. ఎవరికి ఏం కావాలో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి

ఇరవై నాలుగు గంటలు అందరికీ అవసరం లేదు, అందరూ భరించలేరు కూడా. మేము ఒక వార్డులో నాలుగు రోజులు తిరిగి రాసుకుంటే మూడు రకాలుగా తేలింది. కొందరికి రోజూ పొద్దున రెండు గంటలు చాలు: లేపడం, స్నానం, బట్టలు, టిఫిన్, మాత్రలు. కొందరికి పగలంతా మనిషి కావాలి, రాత్రి ఇంటివాళ్లు చూసుకుంటారు. పూర్తిగా మంచం మీద ఉండి రాత్రి కూడా మనిషి కావలసినవాళ్లు తక్కువ.

ఊళ్లలో అన్నిటికన్నా బాగా నడిచేది పొద్దుటి రౌండు. పక్కపక్క వీధుల్లో మూడు ఇళ్లు, ఒక్కో ఇంటికి రెండు గంటలు, ఒక్క అక్క చాలు. ఆమె సొంతూళ్లోనే, మధ్యాహ్నానికి తన ఇంట్లో. మీరు కొత్తగా మొదలుపెడుతుంటే దీనితోనే మొదలుపెట్టండి, రాత్రి డ్యూటీల జోలికి ఆరు నెలల దాకా పోకండి.

రాసుకునేటప్పుడు వయసు, జబ్బులతో పాటు ఇవి కూడా అడగండి: పాయఖానా ఇంట్లో ఉందా, దొడ్లో ఉందా, అక్కడికి ఎన్ని మెట్లు, మంచం ఎంత ఎత్తు, చెవులు వినబడతాయా, రాత్రి లేచి తిరుగుతారా. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు అయితే ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లు ఉంటారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చి కొత్త తరం బయటపడింది గానీ, వంగిపోయిన వెన్ను, బిగుసుకుపోయిన మెడ, మోకాళ్లు అలాగే ఉన్నాయి. వాళ్లను మామూలుగా చంకల కింద చేతులు పెట్టి లేపితే ప్రాణం పోయినంత నొప్పి. అలాంటి ఇల్లని ముందే తెలిస్తే తగిన మనిషిని పంపవచ్చు.

3. మనుషులు ఎక్కడ ఉన్నారు

పేపర్లో ప్రకటన ఇవ్వకండి. ఈ పని ముందే చేసినవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు. అత్తకు ఏడేళ్లు ఎత్తిపోసిన కోడలు, భర్తకు క్యాన్సర్ వస్తే ఆఖరి దాకా చేసిన భార్య, ఒంటరి మహిళలు, పిల్లలు హాస్టల్‌కు పోయి ఇంట్లో ఖాళీగా ఉన్న ముప్పై అయిదు, నలభై ఏళ్ల అక్కలు. గ్రామ సంఘం మీటింగ్‌లో పది నిమిషాలు అడిగి మాట్లాడండి, పేర్లు వాళ్లే చెబుతారు. ఆశా కార్యకర్తలను, అంగన్‌వాడీ వాళ్లను లాగకండి, వాళ్ల పని వాళ్లకు నిండా ఉంది, కానీ ఎవరు ఓపికమంతులో వాళ్లకు బాగా తెలుసు.

మగవాళ్లు కూడా కావాలి. పెద్దాయనకు స్నానం చేయించడానికి ఆడమనిషిని పంపితే ఆయనకూ ఇబ్బంది, ఆమెకూ ఇబ్బంది. మగవాళ్లు "ఇది ఆడోళ్ల పని" అని వెనక్కి తగ్గుతారు. మాకు పనికొచ్చినవాళ్లు ముంబయి నుంచి నడుము నొప్పితో తిరిగొచ్చిన మేస్త్రీ ఒకాయన, హాస్పిటల్లో వార్డు బాయ్‌గా చేసి మానేసిన ఇద్దరు. ఆ మేస్త్రీకి బరువు లేపే పని ఎక్కువ ఉన్న ఇల్లు ఇవ్వం, కానీ మతిమరుపు వచ్చిన ఒక సారుతో రోజూ రెండు పూటలా నడుస్తాడు, పొలాల ముచ్చట్లు పెడతాడు, ఆ సారు ఈయన మాట తప్ప ఎవరి మాటా వినడు.

ఎంపికకు ఇంటర్వ్యూ ఒక్కటే చాలదు. వాళ్లింటికి వెళ్లండి, భర్తతో, అత్తతో కూర్చుని రాత్రి డ్యూటీ ఉంటుందా, ఎవరి ఇల్లు, ఎంత జీతం అన్నీ వాళ్ల ముందే చెప్పండి. ఇల్లు ఒప్పుకోకపోతే ఆమె రెండో నెలలో మానేస్తుంది. తర్వాత మూడు రోజులు జీతమిచ్చి సీనియర్ వెంట తిప్పండి. మలం శుభ్రం చేసేటప్పుడు మొహం ఎలా పెడుతుందో, పెద్దామె తిట్టినప్పుడు తిరిగి అంటుందా, ఊరుకుంటుందా, ఈ మూడు రోజుల్లో తెలిసిపోతుంది. ఆధార్ కాపీ, ఫొటో తీసుకుని పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్ చేయించండి. ఒరిజినల్ కాగితాలు మాత్రం మీ దగ్గర పెట్టుకోకండి, అది మనిషిని కట్టేయడమే అవుతుంది.

4. ట్రైనింగ్: చేతులతో నేర్పండి

హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సిలబస్‌లో హోం హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని రెండు కోర్సులున్నాయి. బ్యాచ్ ఏదైనా నడుస్తుంటే చేర్చండి, సర్టిఫికెట్ వాళ్లకు జీవితాంతం పనికొస్తుంది. కానీ దాని కోసం ఆగకండి. మేము మూడు వారాలు పెడతాం: మొదటి వారం ఒక గదిలో, మంచం, దుప్పటి, మనలోనే ఒకరు రోగిగా పడుకుని. రెండో వారం తెలిసిన డాక్టర్ ఒప్పుకుంటే ఆసుపత్రి వార్డులో. మూడో వారం సీనియర్ వెంట ఇళ్లలో. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వాళ్లుంటారు, ఇంటికి వచ్చే 'ఆలన' బండి వాళ్లది. ఆ సిస్టర్లను ఒకసారి బతిమాలి తీసుకురండి. నాలుగు పుస్తకాలు చదివినదానికన్నా వాళ్లు ఒక్క పుండు కడిగి చూపిస్తే ఎక్కువ వస్తుంది.

ఏం నేర్పాలి? అన్నిటికన్నా ముందు తిప్పడం. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి వెల్లకిలా, ఎడమ, కుడి అని మార్చాలి. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక, ఇవి రోజూ చూడాలి. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కండి, వేలు తీశాక ఒక క్షణం తెల్లగా కాకుండా ఎరుపు అలాగే ఉంటే పుండుకు మొదలు అన్నట్టే. అక్కడ రుద్దకూడదు, మాలిష్ చేయకూడదు, బరువు తీసేయాలి. చాలామంది ఇళ్లలో ప్రేమతో నూనె పెట్టి రుద్దుతారు, లోపల చర్మం ఇంకా చితికిపోతుంది. మడమల కింద కాకుండా పిక్కల కింద దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి. ఎయిర్ బెడ్ ఉందని తిప్పడం మానేయకండి. కరెంటు పోతే అది కూడా దిగిపోతుంది.

దుప్పటితో తిప్పడం నేర్పండి. అడ్డంగా మడిచిన ఒక దుప్పటి రోగి నడుము కింద ఉంటే ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని జరపవచ్చు, చేతులు పట్టి గుంజే పని ఉండదు. పక్షవాతం వచ్చిన చేయి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది. కేర్‌టేకర్ నడుము కూడా ముఖ్యం: మోకాళ్లు వంచి, రోగిని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి, దూరం నుంచి వంగి కాదు. ఏడాది తిరగకుండా నడుము పోగొట్టుకున్న ఆయాలు ఎంతమందో.

తినిపించడం రెండోది. పడుకోబెట్టి చెంచా నోట్లో పెట్టడం మన ఇళ్లలో మామూలు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి ఉండాలి, ఒక ముద్ద మింగాక ఇంకో ముద్ద, తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి. పక్షవాతం వచ్చినవాళ్లకు తరచుగా పల్చటి నీళ్లే పొలమారతాయి, చిక్కటి గటక, అంబలి బాగా దిగుతాయి. డాక్టర్‌ని అడిగి అలా మార్చుకోండి. జొన్న రొట్టె లేనిదే అన్నం తిన్నట్టు అనిపించని పెద్దవాళ్లు మా దగ్గర చాలామంది, రొట్టెను పప్పులో బాగా నాననిస్తే వాళ్ల ఆశ తీరుతుంది, గొంతుకూ అడ్డం పడదు. ముక్కులో పైపు ఉన్నవాళ్లకు తలగడ వైపు ఎత్తుగా ఉంచకుండా పాలు పోయకూడదు. మూత్రం సంచి ఎప్పుడూ పొట్ట కన్నా కిందే వేలాడాలి, పైకెత్తితే వెనక్కి పోయి ఇన్ఫెక్షన్.

షుగర్ పడిపోవడం గురించి ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చేలా చెప్పండి. చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం, ఇవి కనిపించి గ్లూకోమీటర్‌లో 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. మాత్ర వేశారు గానీ అన్నం తినలేదు, ఎక్కువసార్లు జరిగేది ఇదే.

మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం, ఈ మూడింటిలో ఏది కనిపించినా గడియారం చూసి టైం రాసుకుని 108. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది, స్కానింగ్‌కు కూడా టైం కావాలి. మా దిక్కు పక్షవాతానికి పసరు పోయించడానికి ఆటో కట్టుకుని పోతారు. తర్వాత ఏ నమ్మకం ప్రకారం ఏం చేసుకున్నా వాళ్లిష్టం, ఆ మొదటి గంటలు మాత్రం ఆసుపత్రివే అని కేర్‌టేకర్ గట్టిగా చెప్పగలగాలి.

ఎండాకాలం సంగతి వేరుగా చెప్పాలి. మే నెలలో నల్గొండ ఎండ ఎట్లుంటుందో మీకు తెలుసు. పెద్దవాళ్లకు దూప తెలియదు, అడిగితే వద్దంటారు. మూత్రం రంగు ముదిరితే నీళ్లు తక్కువైనట్టే. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఎన్ని నీళ్లు అనేది డాక్టర్ రాసిచ్చిందే పాటించాలి.

ఏం చేయకూడదో కూడా అంతే స్పష్టంగా నేర్పండి. ఇంజెక్షన్లు, సెలైన్, పైపులు మార్చడం కేర్‌టేకర్ పని కాదు, నర్సు పని. "ఒక్కసారి పెట్టెయ్యి, ఏం కాదు" అని ఇంటివాళ్లు ఒత్తిడి చేస్తారు. వద్దనమని చెప్పండి, ఆ వద్దన్నందుకు ఆమెకు మీరు అండగా ఉండండి. ఇందుకోసం టీంకు ఒక నర్సు ఫోన్‌లో దొరకాలి, వారానికోసారి ప్రతి ఇంటికీ రావాలి. కేరళలో కోళికోడ్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ కేర్ పని ఊరూరా పాకింది ఇలాగే, ఇరుగుపొరుగు వాళ్లు రోజూ చూసుకుంటే, నర్సు, డాక్టర్ వెనక నిలబడ్డారు.

5. డబ్బులు

ఇక్కడ దాచిపెడితే అంతా చెడుతుంది. లెక్క అర్థం కావడానికి జీతం 14,000 అనుకుందాం. ఇరవై నాలుగు గంటల ఇంటికి నలుగురు, 56,000. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేస్తే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వస్తుంది, 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు మీ వాటా 3.25 శాతం, అంటే ఒక్కొక్కరికి 455, వాళ్ల వాటా 0.75 శాతం, 105. నర్సు, ఫోన్లు, గ్లౌజులు కలిపితే 60,000 దాటుతుంది. ఇది చెప్పగానే ఇంటివాళ్లు నోరు తెరుస్తారు. తెరవనివ్వండి. ఇరవై వేలకు ఇరవై నాలుగు గంటలు ఇస్తానన్నవాళ్లు ఒక మనిషితో ముగ్గురు మనుషుల పని చేయిస్తున్నారని అర్థం.

చాలా ఇళ్లకు సరిపోయేది ఎనిమిది గంటల పగటి డ్యూటీ, వారంలో ఆరు రోజులు, ఏడో రోజు కొడుకో బిడ్డో వచ్చి చూసుకోవడం. పొద్దుటి రౌండు అయితే మూడు ఇళ్లు తలా 5,500 ఇస్తే 16,500, అందులో 14,000 జీతం, మిగతాది బదిలీ మనిషికి. ఆ బదిలీ డబ్బు వేరే ఖాతాలో పెట్టండి, ఎంత అవసరం వచ్చినా వేరేదానికి ముట్టుకోకండి.

కనీస వేతనం ఎంతో జిల్లా లేబర్ ఆఫీసులో అడిగి తెలుసుకుని అంతకన్నా తగ్గకండి. ఇంకోటి, పత్తి ఏరే కూలితో పోల్చి చూసుకోండి, అది దాటకపోతే దసరా తర్వాత మీ టీం చేన్లలో ఉంటుంది. జీతం నెలా నెలా అయిదో తారీఖు, బ్యాంకు ఖాతాలోకి, ఇంటివాళ్లు కట్టినా కట్టకపోయినా. ఇందుకోసం మొదటే రెండు నెలల జీతాలు చేతిలో ఉండాలి, మేము మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి లోన్ తీసుకున్నాం. పదిమంది కాకముందు అందరికీ ఈ-శ్రమ్ కార్డు, ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, యాభై లోపు వాళ్లకు 436 రూపాయల జీవన బీమా బ్యాంకులో చేయించండి, ఆ రెండింటిలోనూ రెండేసి లక్షలు వస్తాయి.

డబ్బులు లేనివాళ్ల సంగతేంటి అని అడుగుతారు. 2,016 రూపాయల పింఛనుతో బతికే ముసలమ్మ 5,500 ఎక్కడ తెస్తుంది? దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రతి రౌండులో నాలుగో ఇల్లుగా ఒకరిని ఉచితంగా పెట్టుకుంటాం, గంట సేపు, స్నానం, గోళ్లు, మాత్రల డబ్బా సర్దడం. ఊళ్లో దాతలు గుడికి ఇచ్చినట్టే దీనికీ ఇస్తారు, అడగాలి అంతే. డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అయిదు లక్షల ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు. అది చేయించి ఫైల్లో పెట్టడం కూడా మా వాళ్ల పనే అనుకుంటాం.

6. ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకోవలసినవి

ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పెద్దమనిషి పని ఏది, ఇంటి పని ఏది? పెద్దామె గిన్నె, బట్టలు మా పని. ఇంటిల్లిపాది అంట్లు, పిల్లల యూనిఫాం ఇస్త్రీ మా పని కాదు. ఇది రాయకపోతే రెండో వారానికి కేర్‌టేకర్ పనిమనిషి అయిపోతుంది.

"ఆమె ఏమట్లు?" అని, అంటే ఏ కులమని అడుగుతారు. వంటింట్లోకి రావద్దంటారు, వేరే గ్లాసు పెడతారు. ఒంటి మీద మలం తుడవడానికి పనికొచ్చిన చేయి మంచినీళ్ల బిందె ముట్టుకోవడానికి పనికిరాదట. మేము కులం చెప్పం, వేరే గ్లాసు పెట్టే ఇంటికి మనిషిని పంపం. మొదట్లో మూడు ఇళ్లు పోయాయి. ఒకరు నాలుగు నెలల తర్వాత మళ్లీ ఫోన్ చేసి, వంటింట్లోనే కూర్చుని తినొచ్చు అన్నారు. మా టీంలో కూడా కొందరు "వాళ్లింట్లో నేను చేయను" అన్నారు, వాళ్లకూ ఇదే మాట చెప్పాం.

బంగారం, నగదు, ఏటీఎం కార్డు కేర్‌టేకర్ చేతికి ఇవ్వకూడదు. డ్యూటీ మొదటి రోజే పెద్దామె ఒంటి మీదున్నవి ఇంటివాళ్లు తీసి దాచుకోవాలి, లేదా రాసి ఇవ్వాలి. పింఛను వేలిముద్రకు ఇంటిమనిషి లేకుండా తీసుకెళ్లొద్దు. ఇవి అనుమానంతో పెట్టిన నియమాలు కావు, ఏదైనా పోయినప్పుడు మొదటి వేలు మన అక్క వైపే చూపిస్తారు కాబట్టి.

7. డ్యూటీ చార్టులో పత్తి, పండుగ, ఆఖరి బస్సు

ఇది వేరే ఊళ్ల పద్ధతి చూసి రాసుకుంటే పని చేయదు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఎవరి చేను వాళ్లకుంటుంది, ఆ నెలలకు ఇద్దరు బదిలీ మనుషులు ఎక్కువ కావాలి. బతుకమ్మ తొమ్మిది రోజులు అందరూ ఒకేసారి సెలవు అడుగుతారు, ఆఖరిదైన సద్దుల రోజు సాయంత్రం నాలుగు గంటలైనా ప్రతి ఒక్కరికీ దొరికేలా జూలైలోనే చీటీలు వేసుకుంటాం. చెరువుగట్టు జాతర, పెద్దగట్టు జాతర, పాలమూరు దిక్కు కురుమూర్తి జాతర, ఇవన్నీ క్యాలెండర్ మీద ఎర్రగా గుండ్రం చుట్టి ఉండాలి. మగవాళ్లను, ఇతర మతాలవాళ్లను టీంలో ఉంచుకుంటే పండుగలప్పుడు సర్దుబాటు సులువవుతుంది.

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేకపోవడంతో పల్లె నుంచి టౌన్‌కు వచ్చి చేసేవాళ్లు పెరిగారు. కానీ వాళ్ల ఊరికి ఆఖరి బస్సు ఏడున్నరకు అయితే ఎనిమిదికి డ్యూటీ దిగమనడం కుదరదు. డ్యూటీ టైములు బస్సు టైం చూసి పెట్టండి. రాత్రి డ్యూటీ వాళ్లను దింపి రావడానికి తెలిసిన ఆటో ఒకటి మాట్లాడుకోండి.

8. నోటు పుస్తకం

ప్రతి ఇంట్లో రెండు వందల పేజీల లాంగ్ నోటు పుస్తకం. ఎన్ని గంటలకు తిప్పారు, ఏం తిన్నారు, మూత్రం, విరేచనం, బీపీ, షుగర్, ఏ మాత్ర ఎప్పుడు, చర్మం ఎలా ఉంది. చదువు రానివాళ్లకు బొమ్మల గళ్లు గీసి ఇచ్చాం, టిక్కు పెడితే చాలు. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ మంచం పక్కనే నిలబడి పదిహేను నిమిషాలు అప్పగించుకోవాలి, గేటు దగ్గర కాదు. రాత్రి ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే పుణేలో ఉన్న కొడుకు కూడా చూస్తాడు. అతని టెన్షన్ తగ్గుతుంది, రోజుకు ఆరుసార్లు ఫోన్ చేయడం ఆగుతుంది. చెప్పకుండా వెళ్లి చూడటం కూడా ఉండాలి, నెలకు రెండుసార్లు, ఒకసారి రాత్రి.

9. గొడవ వచ్చినప్పుడు

కేర్‌టేకర్ పెద్దవాళ్లను గిల్లినా, కొట్టినా, మాత్ర ఎక్కువేసి నిద్రపుచ్చినా ఆ పూటే తీసేయాలి, రెండో అవకాశం లేదు. మాట జారడం, ఆలస్యం లాంటివాటికి కూర్చుని మాట్లాడవచ్చు. ఇంటివాళ్లు గానీ, పెద్దాయన గానీ కేర్‌టేకర్‌తో తప్పుగా ప్రవర్తిస్తే ఆమెను వెంటనే వెనక్కి పిలవండి, ఆ రోజు జీతం కోయకండి. పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి కూడా ఫోన్ చేయవచ్చు. మతిమరుపు ఉన్న పెద్దాయన చేయి వేశాడంటే అది జబ్బు వల్ల కావచ్చు, అయినా ఆమె భరించాలని లేదు, మగమనిషిని మార్చండి.

కొన్నిసార్లు సొంత కొడుకే అన్నం పెట్టడు, భూమి రాయించుకున్నాక మంచాన్ని కొట్టంలోకి మారుస్తాడు, అది మొదట చూసేది కేర్‌టేకరే. 2007 తల్లిదండ్రుల సంరక్షణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. 14567 పెద్దల హెల్ప్‌లైన్. ఈ నంబర్ నోటు పుస్తకం అట్ట లోపల రాసి ఉంచండి.

10. పెద్దమనిషి పోయిన తర్వాత

దీన్ని ఎవరూ ప్లాన్ చేయరు. రెండేళ్లు చేసిన అవ్వ పోయిందంటే ఆ రోజు కేర్‌టేకర్‌కు రెండు దెబ్బలు: మనిషి పోయింది, పని కూడా పోయింది. "బిడ్డా" అని పిలిచిన గొంతు లేదు, పదో తారీఖు పిల్లల ఫీజు కట్టాలి. మా దగ్గర మూడు రోజులు జీతంతో సెలవు, పెద్దకర్మ రోజున కూడా పోనిస్తాం, ఇంటివాళ్లు పిలిచినా పిలవకపోయినా. వారం లోపల ఇంకో ఇల్లు ఇస్తాం, కానీ మళ్లీ మంచం పట్టిన ఇల్లు ఇవ్వం, నెల రోజులు పొద్దుటి రౌండులో తేలిక ఇళ్లు. బదిలీ డబ్బులో నుంచే ఇది కూడా నడుస్తుంది, అందుకే దాన్ని ముట్టుకోవద్దన్నది.

ఇంట్లో మిగిలిన డైపర్లు, ఎయిర్ బెడ్, వాకర్ అడిగి తెచ్చుకోండి, చాలామంది ఇచ్చేస్తారు, బెడ్, వాకర్ డెట్టాల్‌తో కడిగితే తర్వాతి ఇంటికి పనికొస్తాయి. నోటు పుస్తకం మాత్రం వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. మా నాన్నది ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది, ఆఖరి పేజీలో రాత్రి 2.10కి కుడి పక్కకు తిప్పినట్టు టిక్కు ఉంది.